పిన్ను దూరితే సరిపోతుందా?



ఇంట్లో ఇంటర్నెట్ ఆగిపోతుంది. చూస్తే రౌటరు దీపాలు ఆరిపోయి ఉంటాయి. స్విచ్చి ఆపి మళ్లీ వేస్తారు, ప్లగ్గు మార్చి చూస్తారు, పక్కింటివాళ్లకు వస్తోందా అని కనుక్కుంటారు. చివరికి తేలేదేమిటంటే, రౌటరుకేమీ కాలేదు, దానికి కరెంటిచ్చే అడాప్టరు పోయింది. ఇక టీవీ కింద సొరుగు లాగుతారు. అందులో సన్న పిన్ను, లావు పిన్ను కాలం నాటి సెల్‌ఫోన్ ఛార్జర్లు, ఎప్పుడో తీసేసిన డిష్ పెట్టె అడాప్టరు, పిల్లల కీబోర్డుది ఒకటి, దేనిదో ఎవరికీ గుర్తులేనిది ఇంకొకటి, తీగలన్నీ పెనవేసుకుపోయి ఉంటాయి. ఒక్కొక్కటీ విడదీసి రౌటరు వెనక గుచ్చి చూస్తారు. ఏది దూరితే అదే దీనిదని ఖాయం చేసుకుని స్విచ్చి వేస్తారు.

అడాప్టరు ఎంచుకునేటప్పుడు చూడాల్సిన వాటిలో పిన్ను దూరడం ఆఖరిది. మనం దాన్నే మొదట చూస్తాం. చాలాసార్లు అదొక్కటే చూస్తాం. బజార్లో ఎక్కువగా తిరిగే గుండ్రటి పిన్నులు గట్టిగా లెక్కపెడితే నాలుగైదు కొలతల్లోనే ఉంటాయి. 5 వోల్టుల వస్తువుకీ, 9 వోల్టుల దానికీ, 12 దానికీ, 24 దానికీ అచ్చంగా అదే పిన్ను రావచ్చు. ఏ వోల్టేజికి ఏ పిన్ను పెట్టాలో ఒక కట్టుబాటుకు అన్ని కంపెనీలూ లొంగి ఉంటే ఈ ప్రసంగంతో పనే ఉండేది కాదు. లొంగలేదు కాబట్టి, సెట్‌టాప్ బాక్సుకు వచ్చిన 12 వోల్టుల పిన్ను 5 వోల్టుల చిన్న రౌటరులోకి సుతారంగా దిగిపోతుంది. రౌటరు మాత్రం మళ్లీ లేవదు.

వీలున్నవాళ్లు ఇప్పుడే ఒక అడాప్టరు చేతిలోకి తీసుకోండి. గోడకు ఉన్నదైతే స్విచ్చి ఆపి తీయండి. దాని వీపు మీద కంటికి ఆనని అక్షరాలు ఉంటాయి. నల్ల ప్లాస్టిక్ మీద బూడిదరంగులో అచ్చొత్తుతారు, చదవకూడదనే ఉద్దేశంతో చేశారేమో అనిపిస్తుంది. సెల్‌ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకుంటే తేలిగ్గా కనిపిస్తాయి. ఎన్ని గుర్తులున్నా మనకు ముందుగా కావాల్సినవి రెండు వరుసలే. ఒకటి ఇన్‌పుట్, అంటే గోడ నుంచి తీసుకునేది. రెండోది అవుట్‌పుట్, అంటే వస్తువుకు ఇచ్చేది.

ఇన్‌పుట్ వరుసలో ఈ కాలపు అడాప్టర్లన్నిటి మీదా దాదాపుగా 100 నుంచి 240 వోల్టులు, 50 లేక 60 హెర్ట్జ్ అని ఉంటుంది. మన ఇళ్లలో వచ్చేది 230 వోల్టులు, 50 హెర్ట్జ్ కాబట్టి ఇబ్బంది లేదు. కానీ అమెరికాలో పిల్లలున్న ఇళ్లలో ఈ వరుసను తప్పకుండా చదవాలి. వాళ్లు వచ్చేటప్పుడు పెట్టెలో తెచ్చిన గడియారం రేడియోకో, ఫొటోలు చూపించే ఫ్రేముకో, మెడ నొప్పికి మర్దన చేసే దిండుకో వచ్చిన అడాప్టరు మీద 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉంటే, దాన్ని మన గోడకు పెట్టకండి. అమెరికా ప్లగ్గును మన సాకెట్‌లో పట్టించే చిన్న కన్వర్టరు పిన్ను దుకాణాల్లో దొరుకుతుంది. అది ప్లగ్గు ఆకారాన్ని మారుస్తుందే తప్ప వోల్టేజిని మార్చదు. లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న రకమైతే కాసేపట్లోనే కమురు వాసన వస్తుంది.

దీనికి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనాలని చాలామంది సలహా ఇస్తారు. అక్కర్లేదు. ఆ వస్తువుకు గోడ కరెంటు ఎంతన్నది పట్టదు, దానికి కావాల్సింది అడాప్టరు ఇచ్చే 9 వోల్టులో, 12 వోల్టులో. అదే అవుట్‌పుట్ ఇచ్చే అడాప్టరు ఇక్కడ కొనుక్కుంటే పని తీరిపోతుంది. అడాప్టరు లేకుండా నేరుగా గోడకు పెట్టే అమెరికా వస్తువుల సంగతి వేరు. రైస్ కుక్కరు, జుట్టు ఆరబెట్టే యంత్రం లాంటి వాటికి ట్రాన్స్‌ఫార్మర్ కావలసిందే, అదీ ఆ వస్తువు తినే వాట్లకు సరిపోయేంత పెద్దది. ఇంకో తమాషా కూడా ఉంది. గోడ కరెంటులోని 60 హెర్ట్జ్‌నే లెక్కపెట్టుకుంటూ నడిచే అమెరికా గడియారాన్ని ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి ఇక్కడ నడిపిస్తే కాలదు గానీ, గంటకు 10 నిమిషాలు వెనకబడుతుంది. మన కరెంటు సెకనుకు 50 సార్లే ఊగుతుంది మరి.

ఇక అవుట్‌పుట్ వరుస. ఇందులో మొదటి అంకె వోల్టులు, రెండోది ఆంపియర్లు. ఈ రెంటికీ నియమాలు వేరువేరు. ఇంట్లో వచ్చే గందరగోళమంతా రెంటికీ ఒకే నియమం వాడబోవడం వల్ల వస్తుంది.

వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి. 12 అడిగిన వస్తువుకు 12 ఇవ్వాలి. ల్యాప్‌టాప్‌లలో మాత్రం కాస్త వెసులుబాటు ఉంది. 19 వోల్టులు, 19.5 వోల్టులు అని రెండు రకాలు తిరుగుతుంటాయి. ఆ అర వోల్టు తేడాను ల్యాప్‌టాప్ లెక్కచేయదు. నూటికి 5 వంతుల దాకా తేడా చాలా వస్తువులు భరిస్తాయి. అంతకు మించితే మీ వస్తువుతో జూదం ఆడుతున్నట్టే. 12 వోల్టుల దానికి 9 పెడితే దీపం వెలగొచ్చు, పని మాత్రం అరకొరగా చేస్తుంది. ఉదాహరణకు కంప్యూటరు పక్కన పెట్టుకునే పెద్ద హార్డ్ డిస్కు తిరగబోయి ఆగుతుంది, మళ్లీ తిరగబోతుంది. అలా వదిలేస్తే అందులోని ఫొటోలకు కూడా ముప్పే. తక్కువ వోల్టేజి ప్రమాదం కాదని ధైర్యంగా చెప్పేవాళ్లను నమ్మకండి.

ఆంపియర్ల సంగతి అలా కాదు. అక్కడ రాసి ఉన్నది, అడాప్టరు గరిష్ఠంగా ఎంత ఇవ్వగలదో చెప్పే అంకె. అంతా బలవంతంగా వస్తువులోకి తోస్తుందని కాదు. బావిలో నీళ్లు ఎన్ని ఉన్నా మనం తోడుకునేది బిందె పట్టినంతే. 1 ఆంపియరు అడిగే రౌటరుకు 2 ఆంపియర్ల అడాప్టరు పెడితే అది తన 1 ఆంపియరే తీసుకుంటుంది. అడాప్టరు మీద భారం తక్కువ కాబట్టి చల్లగా కూడా ఉంటుంది. రెట్టింపు ఆంపియర్లు పెడితే వస్తువు కాలిపోతుందని కొందరు దుకాణదారులే భయపెడతారు. అవసరం లేని భయం అది. భయపడాల్సింది తక్కువకు. 2 ఆంపియర్లు కావాల్సిన దానికి అర ఆంపియరు అడాప్టరు పెడితే, పాపం అది శక్తికి మించి ఇవ్వబోయి వేడెక్కుతుంది, వోల్టేజి జారిపోతుంది, వస్తువు ఆగి మళ్లీ మొదలవుతూ ఉంటుంది. కొన్నిచోట్ల ఆంపియర్లకు బదులు మిల్లీ ఆంపియర్లలో రాస్తారు. 1000 మిల్లీ ఆంపియర్లంటే 1 ఆంపియరు. 600 అనే అంకె చూసి చాలా పెద్దదనుకోకండి, అది 0.6 ఆంపియరే. ఇంకొందరు వాట్లలో రాస్తారు. వోల్టుల్ని ఆంపియర్లతో హెచ్చిస్తే వాట్లు వస్తాయి. 19.5 వోల్టులు, 3.34 ఆంపియర్లంటే 65 వాట్లన్నమాట.

ఎక్కువ ఆంపియర్లు ఉన్నా ఫరవాలేదన్న మాటకు రెండు మినహాయింపులున్నాయి. అవి చెప్పకపోతే సగం చెప్పినట్టే. ఒకటి, ఇంటి ఫాల్స్ సీలింగులో బిగించే ఎల్‌ఈడీ ప్యానెల్ దీపాలు. వాటి వెనక ఉండే చిన్న పెట్టెను డ్రైవర్ అంటారు. దాని మీద మిల్లీ ఆంపియర్లు ఒకే అంకెగా ఉంటాయి, వోల్టులు మాత్రం ఇంత నుంచి ఇంత దాకా అని ఉంటాయి. అది ఎప్పుడూ ఒకే కరెంటును నెట్టే రకం. 300 మిల్లీ ఆంపియర్ల డ్రైవర్ పోతే 300దే వేయాలి. 600ది వేస్తే దీపం మొదట కళ్లు జిగేల్‌మనేలా వెలిగి, త్వరగా మాడిపోతుంది. రెండోది, పిల్లలు ఎక్కి తొక్కే బ్యాటరీ కార్లు, పాత రకం ఎమర్జెన్సీ దీపాలు. వీటిలో కొన్నిటికి బ్యాటరీని అదుపులో ఛార్జి చేసే సర్క్యూట్ ఏదీ లోపల ఉండదు. అడాప్టరు బలహీనంగా ఉండటమే అక్కడ కాపలా. దాని చోట బలమైనది పెడితే బ్యాటరీ ఉడికిపోతుంది.

వోల్టులు, ఆంపియర్ల తర్వాత చూడాల్సిన మూడోది ప్లస్, మైనస్‌ల సంగతి. గుండ్రటి పిన్నుకు లోపలి గొట్టం ఒక కొస, బయటి గొట్టం రెండో కొస. ఏది ప్లస్, ఏది మైనస్ అన్నది లేబుల్ మీద బొమ్మగా వేస్తారు. రేడియోలో బొమ్మ చూపించలేను కాబట్టి మాటల్లో చెబుతాను. మధ్యలో ఒక నిండు చుక్క. దాని చుట్టూ ఇంగ్లీషు సి అక్షరంలా ఒకపక్క తెరిచిన వలయం. చుక్క నుంచి ఒక గీత, వలయం నుంచి ఇంకో గీత బయలుదేరి, రెండు కొసల్లోనూ చిన్న గుండ్రాల్లో ప్లస్, మైనస్ గుర్తులుంటాయి. చుక్క నుంచి వచ్చిన గీత చివర ప్లస్ ఉంటే పిన్ను లోపలి భాగం ప్లస్ అని అర్థం. ఇప్పటి వస్తువుల్లో ఎక్కువభాగం ఇలాంటివే. కానీ సంగీత వాయిద్యాల దగ్గర జాగ్రత్త. గిటారుకు కాలికింద పెట్టుకునే ఎఫెక్ట్ పెడళ్లు 9 వోల్టులవి, వాటిలో చాలావాటికి లోపలి భాగం మైనస్. పాత కాసియో కీబోర్డులు ఎన్నో 9 వోల్టులు, లోపల మైనస్. ఇళ్లలో వాడే యమహా కీబోర్డులు చాలావరకు 12 వోల్టులు, లోపల ప్లస్. ఊళ్లో చర్చిలోనో, బడిలోనో ఒకరి కీబోర్డుకు ఇంకొకరి అడాప్టరు అడిగి పెట్టేటప్పుడు ఈ తేడా గుర్తు పెట్టుకోండి. పొరపాటున తిరగేసి పెడితే, తయారుచేసినవాడు ముందుచూపుతో ఒక డయోడ్ వేసి ఉంటే వస్తువు పనిచేయకుండా ఊరుకుంటుంది. వేయకపోతే లోపలి చిప్పులు పోతాయి.

అవుట్‌పుట్‌లో కూడా ఏసీ ఇచ్చే అడాప్టర్లు ఉన్నాయి. పాత మోడెములకూ, కొన్ని అలంకరణ దీపాల తోరణాలకూ వచ్చేవి. అవుట్‌పుట్ అంకె పక్కన అలలాంటి చిన్న గీత ఉన్నా, ఏసీ అని రాసి ఉన్నా డీసీ వస్తువుకు అది పనికిరాదు. డీసీకి గుర్తు ఒక నిలకడైన అడ్డగీత, దాని కింద తెగిన మూడు చిన్న గీతలు.

ఇప్పుడిక పిన్ను. బయటి కొలత 5.5 మిల్లీమీటర్లున్న రకం అన్నిటికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. దానిలోనే లోపలి రంధ్రం 2.1, 2.5 అని రెండు కొలతలున్నాయి. బయట నుంచి చూస్తే కవల పిల్లలే. 2.5ది తెచ్చి 2.1 వస్తువులో పెడితే దిగుతుంది గానీ లోపల వదులుగా ఉంటుంది. వైరు కదిలినప్పుడల్లా దీపం ఆరి వెలుగుతుంది. వస్తువు పాడైందని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లే కేసుల్లో ఇదొకటి. దుకాణానికి వెళ్లేటప్పుడు పాత అడాప్టరు తీసుకెళ్లండి. అంతకన్నా మేలు, వస్తువునే తీసుకెళ్లడం.

అలా అనడానికి ఇంకో కారణం ఉంది. అసలు అధికారం పాత అడాప్టరుది కాదు, వస్తువుది. మీ దగ్గరున్న అడాప్టరు ఆ వస్తువుతో పుట్టిందే అని ఎవరు చెప్పగలరు? రెండేళ్ల కిందట కేబుల్ కుర్రాడు తన సంచిలోంచి తీసి పెట్టి పోయినది కావచ్చు. ఇంట్లో మీకు ముందు అద్దెకున్నవాళ్లది కావచ్చు. దానిమీద అంకెలు చూసి కొత్తది తెస్తే, పాత పొరపాటునే మళ్లీ డబ్బిచ్చి కొన్నట్టు. వస్తువు అడుగున, లేదా పిన్ను పెట్టే రంధ్రం పక్కన దానికేం కావాలో రాసి ఉంటుంది. అక్కడ లేకపోతే కాగితాల పుస్తకంలో ఉంటుంది. ఈ రెండు చోట్లా దొరకనప్పుడే పాత అడాప్టరు మాట వినాలి.

ల్యాప్‌టాప్‌ల దగ్గర ఈ లెక్కలన్నీ సరిపోయినా పని కాకపోవచ్చు. డెల్ లాంటి కంపెనీల గుండ్రటి పిన్ను మధ్యలో సూదిలాంటి సన్న పిన్ను ఒకటుంటుంది. దాని ద్వారా అడాప్టరు తానెవరో, ఎన్ని వాట్లో ల్యాప్‌టాప్‌కు చెప్పుకుంటుంది. ఆ మాట వినబడకపోతే ల్యాప్‌టాప్ నడుస్తుంది గానీ బ్యాటరీ ఎక్కదు, వేగం కూడా తగ్గించుకుంటుంది. చవకగా దొరికిన అడాప్టరు పెట్టాక ఇలా జరిగితే బ్యాటరీ పోయిందని కంగారు పడి దాన్ని మార్చకండి. చాలాసార్లు తప్పు ఆ సన్న పిన్నుది, లేదా దానికి వెళ్లే సన్న తీగది.

ఇప్పుడు వస్తున్న సీ రకం యూఎస్‌బీ ఈ చిక్కుముళ్లలో సగం విప్పింది. అందులో ఛార్జరూ వస్తువూ మొదట 5 వోల్టుల దగ్గర కలుసుకుని, తర్వాత 9 కావాలా, 15 కావాలా, 20 కావాలా అని తమలో తాము మాట్లాడుకుని ఒప్పందానికి వస్తాయి. చాలాకాలం 100 వాట్ల దాకా ఉన్న ఈ పరిమితిని 2021లో 240 వాట్లకు పెంచారు. ఐరోపా యూనియన్ 2024 డిసెంబరు 28 నుంచి కొత్త సెల్‌ఫోన్లు, ట్యాబ్లెట్లు, కెమెరాల వంటివాటికి ఈ రకాన్నే తప్పనిసరి చేసింది, ల్యాప్‌టాప్‌లకు 2026 ఏప్రిల్ 28 గడువు పెట్టింది. అక్కడి నిబంధనే అయినా కంపెనీలు ఖండానికో పిన్ను చేయవు కాబట్టి మనకూ అదే వస్తోంది. అంటే మంచి సీ రకం ఫోను ఛార్జరును సీ రంధ్రమున్న ల్యాప్‌టాప్‌కు ఏ దిగులూ లేకుండా పెట్టి చూడొచ్చు. వాట్లు చాలకపోతే నెమ్మదిగా ఎక్కుతుంది, లేదా ఎక్కదు, కాలడం మాత్రం జరగదు. అయితే కేబుల్‌ను కూడా లెక్కలోకి తీసుకోవాలి. మామూలు సీ కేబుల్ 3 ఆంపియర్ల వరకే, అంటే 20 వోల్టుల దగ్గర 60 వాట్లు. అంతకు మించి కావాలంటే లోపల గుర్తింపు చిప్పు ఉన్న కేబుల్ కొనాలి. ఇంకా ఒక చికాకు. గడ్డం ట్రిమ్మర్లు, చేతి ఫ్యాన్లు కొన్నిటికి సీ రంధ్రం పెట్టి, ఛార్జరుతో మాట్లాడే చిన్న రెసిస్టర్లు లోపల వేయరు. పైసల్లో వచ్చే భాగమది, అక్కడ మిగుల్చుకుంటారు. అలాంటివి రెండు వైపులా సీ పిన్ను ఉన్న కేబుల్‌తో ఎక్కవు. ఒకవైపు పాత వెడల్పాటి పిన్ను ఉన్న కేబుల్‌తో ఎక్కుతాయి. వస్తువు పాడైపోలేదు, కేబుల్ మార్చి చూడండి.

అడాప్టరు నిజంగా పోయిందా అన్నది ఎలా తెలుసుకోవాలి? దీనికి మల్టీమీటర్ ఒకటి ఇంట్లో ఉంటే మంచిది. మూడు నాలుగు వందల్లో దొరికేది చాలు. డీసీ 20 వోల్టుల దగ్గర తిప్పి, ఎర్ర సూది పిన్ను లోపల, నల్ల సూది బయట ఆనించండి. అంకె ముందు మైనస్ గుర్తు వస్తే లోపలి భాగం మైనస్ అని కూడా అదే చెప్పేస్తుంది. కానీ ఊరికే పట్టుకుని చూసినప్పుడు 12 చూపించినంత మాత్రాన అడాప్టరు బాగున్నట్టు కాదు. భారం పడ్డాక అది 8కి జారిపోవచ్చు. రౌటరు రోజుకు నాలుగుసార్లు తనంతట తనే ఆగి లేస్తోందంటే, మధ్యాహ్నం వేడికి ఎక్కువగా ఆగుతోందంటే, ముందు అడాప్టరును అనుమానించండి. లోపలుండే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లలో తడి ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ అది ఆరిపోతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సుమారు సగమవుతుందని ఇంజినీర్ల లెక్క. రెంటచింతల, రామగుండం ఎండల్లో, గాలాడని టీవీ అరలో ఏడాదంతా ఆపకుండా నడిచే అడాప్టరు మూడు నాలుగేళ్లకే అలిసిపోతే ఆశ్చర్యం లేదు. కొత్త రౌటరు కొనే ముందు కొత్త అడాప్టరు పెట్టి చూడటం ఎంతో చవక.

రేడియో వినేవాళ్లలో పెద్దవాళ్లకు బ్యాటరీ ఎలిమినేటర్ గుర్తుండే ఉంటుంది. ట్రాన్సిస్టరుకు సెల్స్ ఖర్చు తప్పించడానికి కొనేవాళ్లం. 3 నుంచి 12 వోల్టుల దాకా తిప్పే మీట, తీగ చివర అన్ని సైజుల పిన్నులు. ఇప్పటికీ కొన్ని ఇళ్లలో ఉంది, బరువుగా, దిట్టంగా. రేడియోకు అది మహా ఉపకారి, కొత్త వస్తువులకు మాత్రం వద్దంటాను. అందులో వోల్టేజిని నిలకడగా పట్టి ఉంచే ఏర్పాటు ఉండదు. 12 దగ్గర తిప్పి భారం లేకుండా కొలిస్తే 16, 17 వోల్టులు చూపిస్తుంది. రేడియోకు ఇబ్బంది లేదు, సున్నితమైన వస్తువులు తట్టుకోలేవు. అలాగని కొత్త తేలికపాటి అడాప్టర్లు రేడియోకు పెట్టబోతే ఇంకో బాధ. అవి లోపల కరెంటును సెకనుకు పదుల వేలసార్లు తుంచుతూ పనిచేస్తాయి. తయారీలో పొదుపు చేసినదైతే ఆ అలజడి 531 నుంచి 1602 కిలోహెర్ట్జ్ దాకా ఉన్న మీడియం వేవ్ అంతా పరుచుకుంటుంది. అడాప్టరు ఎంత బాగా చేశారో తెలుసుకోవడానికి ఇదే ఒక మంచి పరీక్ష కూడా. సెల్స్‌తో నడిచే చిన్న రేడియోను మీడియం వేవ్‌లో పెట్టి, స్టేషన్ లేని చోట ముల్లు ఉంచి, అడాప్టరు దగ్గరికి తీసుకెళ్లండి. జానెడు దూరం నుంచే గుర్రుమని మోత పెట్టేదైతే, దాన్ని చేసినవాడు ఫిల్టరు భాగాలు ఎగ్గొట్టి ఉండొచ్చని అనుమానించవచ్చు.

అలాంటి తయారీలో ఎగ్గొట్టేవి అవొక్కటే కావు. గోడ 230 వోల్టులకూ మన చేతికి తగిలే 12 వోల్టులకూ మధ్య కొన్ని మిల్లీమీటర్ల ఎడం ఉండాలి. చవక సరుకులో ఆ ఎడం వెంట్రుకవాసి కూడా మిగలదు. ఇక్కడే నేను పొదుపు వద్దంటాను. కొనేటప్పుడు భారత ప్రమాణాల సంస్థ అయిన బీఐఎస్ గుర్తు కోసం చూడండి. 2012లో మొదలైన నిర్బంధ నమోదు ఉత్తర్వును తర్వాత అడాప్టర్లకూ వర్తింపజేశారు. గుర్తు కింద ఆర్ అక్షరం, చిన్న గీత, 8 అంకెలు ఉంటాయి. గుర్తు ఎవరైనా అచ్చేసుకోవచ్చు కాబట్టి బీఐఎస్ కేర్ అనే యాప్‌లో ఆ అంకెలు కొట్టి చూడండి, ఏ కంపెనీ పేరు మీద ఉందో చెబుతుంది. కోఠి గుజరాతీ గల్లీలోనో, సికింద్రాబాదు పార్క్‌లేన్ సీటీసీలోనో, మీ ఊరి బజార్లోనో అడిగితే ఒకే అంకెలున్న అడాప్టరు మూడు ధరల్లో చూపిస్తారు. వాటిలో రెంటిని రెండు చేతుల్లో పట్టుకోండి. అదే రకం, అవే అంకెలు, కానీ ఒకటి గుల్లలా తేలిపోతోందంటే దాన్ని వదిలేయండి.

లోహపు మూత ఉన్న ల్యాప్‌టాప్‌ను ఛార్జింగులో ఉండగా తాకితే చేతికి జివ్వుమంటుందేమిటని కొందరు అడుగుతుంటారు. రెండు పిన్నుల ప్లగ్గున్న మంచి అడాప్టరుతో కూడా అలా అనిపించవచ్చు. లోపలి ఒక కెపాసిటరు గుండా అతి స్వల్పంగా కారే కరెంటు అది. ప్రమాణాల ప్రకారం అది ఒక చిన్న పరిమితిని దాటకూడదు. ఎర్త్ ఉన్న మూడు పిన్నుల తీగతో, ఇంట్లో ఎర్త్ సరిగా ఉంటే, పోతుంది. జివ్వుమనడం కాక చెయ్యి వెనక్కి లాక్కునేంత కొడితే మాత్రం అది వేరే కథ, ఆ అడాప్టరును ఇక వాడకండి.

అన్నిటికీ కంపెనీ అడాప్టరే కొనాలా అంటే, నా లెక్క ఇదీ. రౌటరు, సెట్‌టాప్ బాక్సు, స్పీకర్లు, సీసీ కెమెరాల వంటివాటికి అంకెలు కలిసి, బీఐఎస్ నమోదు ఉన్న ఏ మంచి అడాప్టరైనా చాలు, రెండింతల ధర పెట్టక్కర్లేదు. ల్యాప్‌టాప్‌కు కంపెనీదో, పేరున్న వేరే కంపెనీదో. బీపీ కొలిచేది, నెబ్యులైజరు, నిద్రలో ఊపిరికి పెట్టుకునే యంత్రం వంటి వాటికి మాత్రం తయారీదారు చెప్పినదే. రోగి ఒంటికి తగిలి ఉండే వస్తువుల అడాప్టర్లకు కరెంటు కారకుండా ఉండే నియమాలు వేరే ఉన్నాయి, మామూలువాటికన్నా కఠినమైనవి.

కరెంటు కోతలకు రౌటరు ఆగకుండా చిన్న యూపీఎస్‌లు ఇప్పుడు ఊళ్లలో కూడా కొంటున్నారు. దాని వోల్టులు రౌటరుతో కలవాలన్నది మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. మరిచిపోయేది ఏమిటంటే, అది రౌటరునూ నడపాలి, తన బ్యాటరీనీ నింపుకోవాలి. రౌటరుతో వచ్చిన అర ఆంపియరు అడాప్టరునే దాని వెనక పెడితే రెండు పనులకూ చాలదు. 12 వోల్టులదైతే 2 ఆంపియర్ల అడాప్టరు పెట్టుకోండి.

ఇక ఆ సొరుగు. ఈ ఆదివారం ఒక్కొక్క అడాప్టరు తీసి, ఏ వస్తువుదో తెలిసినదానికి తెల్ల టేపు ముక్క అంటించి పెద్ద అక్షరాలతో రాయండి: రౌటరు, 12 వోల్టులు అని. కొత్త వస్తువు కొన్నరోజునే అలా రాసేస్తే ఇంకా సుఖం. దేనిదో తెలియకపోయినా అంకెలు చదవగలిగితే వాటినే రాసి ఉంచండి, ఎప్పుడో పనికొస్తుంది. అంకెలు చెరిగిపోయినవీ, తీగ పగిలినవీ, వాసన వచ్చినవీ ఉంచుకోవద్దు. పారేసే ముందు గోడ నుంచి తీసిన అడాప్టరు తీగను పిన్ను దగ్గర కత్తిరించేయండి, ఇంట్లో ఇంకెవరూ తెలియక తీసి వాడరు. చెత్తబండిలో వేయకుండా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం ఎలక్ట్రానిక్ చెత్తను నమోదైన రీసైక్లర్లకే చేర్చాలి.